కాస్టిక్ సోడా - చర్మము, కన్ను

సబ్బు వండువారికి, కాగితపు మిల్లులలో పనిచేయువారికి కాస్టిక్ సోడా నిత్యపరిచితము. మీ యింటి తూము శుభ్రపరచు పొడిలోను ఇది యుండవచ్చును. చూచుటకు పటికబెల్లపు పలుకులవలె అమాయకముగా నుండును.

ఆమ్లమనిన మనకు భయము. క్షారమనిన అంత భయము లేదు. కంటి విషయమున ఈ యెన్నిక తలక్రిందులు. చాలవరకు ఆమ్లము తాకినచోట మాంసకృత్తులు గడ్డకట్టి, దానికే అడ్డుగోడ యగును. క్షారమట్లు కాదు, కణములలోని కొవ్వును సబ్బుగా మార్చి, దారిచేసికొని లోలోపలికి పోవును. సబ్బు వండు బానలో జరుగు పనియే కంటిలోనూ జరుగునన్నమాట! చర్మము మొదట జారుడుగా తోచుట కిదియే కారణము. నొప్పి వెంటనే తెలియకపోవచ్చును. కనుక నొప్పినిబట్టి గాయమును అంచనా కట్టరాదు.

మరి శాస్త్రజ్ఞు లెట్లు కట్టుదురు? 1944లో అమెరికాలో జాన్ డ్రెయిజ్, సహచరులతో కలిసి, కుందేళ్ళ కన్నులలోను చర్మముపైనను పదార్థములు వేసి, గాయములకు అంకెలిచ్చు పద్ధతిని ప్రకటించెను. ఆ మూగజీవుల బాధ తలచిన మనసు కలుక్కుమనును. నేడు మానవకణములతో పెంచిన చర్మపు పొరపై పదార్థము నుంచి, జీవకణము లెన్ని మిగిలెనో చూచుచున్నారు. ఐరోపా నియమములలో కాస్టిక్ సోడా 2 శాతమున్న ద్రావణమే చర్మదాహకము. అరశాతమున్నను మంట పుట్టించునదే.

కంటిలో పడినచో నిమ్మరసముతో విరుగుడు చేయబోవలదు. రెప్పలు విప్పి పట్టి, ఆ క్షణముననే నీటిధారతో కడుగుట మొదలిడి, కనీసము 20 నిమిషములు ఆపక కడుగవలెను. వైద్యునికి కబురు వేరొకరు పంపవలెను. కడుగు చేయి ఆగరాదు.