పైపుకు కొమ్మ అతికించేటప్పుడు



బోరు దగ్గర మూడంగుళాల ఇనుప పైపు ఉన్నది. దాని నుండి పక్క మడికి రెండంగుళాల కొమ్మ తీయాలి. ఘటకేసరు, బీబీనగరు వైపు వారికి ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు దగ్గరే. అక్కడ వెల్డింగు షాపులకు కొదువ లేదు. లావుగా పోసిన వెల్డు చూచి, గట్టిగా ఉన్నదని సంతోషపడి ఇంటికి వస్తాము. వరి పొట్టకు వచ్చినప్పుడు ఆ అతుకే చీలితే? బాగుచేయించేలోగా తడి తప్పుతుంది, గింజ తాలు పోతుంది.

ఎందుచేత చీలుతుంది? పైన పటారం, లోన లొటారం! కరిగిన లోహం పైపైన పేరుకొన్నదే గాని లోపలి అంచు దాకా దిగలేదు. మోటారు ఆగినప్పుడల్లా నీరు వెనక్కు తన్నుతుంది. ఆ దెబ్బలకు లోపలి సందు పగులై, క్రమంగా బయటపడుతుంది.

కాబట్టి నాలుగు సంగతులు గమనించండి.

ఒకటి: కొమ్మ మూతిని పెద్దపైపు వంపుకు సరిగా కోయించి, అంచు ఏటవాలుగా అరగదీయించండి. మధ్య ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల సందు ఉంచితే లోహం అడుగుదాకా దిగుతుంది.

రెండు: రెండంగుళాల మధ్యరకం పైపు మందం 3.6 మిల్లీమీటర్లు. సందు పూర్తిగా నిండిన తరువాత, చుట్టూ వేసే పై వెల్డు రెండు పైపుల మీదా దాదాపు అంతే వెడల్పు పాకితే చాలు. అప్పుడు దాని నడిమి మందం సుమారు 2.5 మిల్లీమీటర్లు వస్తుంది. అంతకు మించి పోస్తే రాడ్లు దండుగ, వేడికి పైపు వంకరపోతుంది.

మూడు: ముందు నాలుగు వైపులా చుక్కలు పెట్టించి, తరువాత ఎదురెదురు భాగాలు వేయించండి. ఒక వరుస అయినాక చిట్టెం కొట్టి, బ్రష్షుతో తుడిచిన పిమ్మటనే మరో వరుస.

నాలుగు: జి.ఐ. పైపైతే అతుకు దగ్గర జింకు పూతను ముందే తీయించండి. ఆ పొగ పీల్చినవారికి చలిజ్వరం వస్తుంది. పని ఆరుబయట చేయడం మేలు. ముగిశాక, పూత పోయిన చోట జింకు రంగు వేయాలి.

తుప్పు తిని పలచబడిన పైపును వెల్డు బాగుచేయలేదు. ఆ ముక్క మార్చవలసినదే.

ఇంటికి తెచ్చే ముందు పరీక్ష చేయించండి. చివరలు మూసి, గాలి పోయేలా నీరు నింపి, చేతిపంపుతో పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, పది నిమిషాలు చూడండి. గాలితో మాత్రం పరీక్షించవద్దు. అతుకు విడితే ప్రాణానికే ముప్పు.

వెల్డరును "ఎంత లావు పోశావు?" అని కాదు, "లోపలి దాకా దిగిందా?" అని అడగండి.