కాలు జారడానికి ముందు

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలుసుకున్నప్పుడల్లా కరువు భత్యం, బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లుల గురించే మాట్లాడుకుంటాం. ఈ పూట వేరొక సంగతి మనవి చేస్తాను. బాత్‌రూములో జారిపడి, తుంటి ఎముక విరిగి, మళ్ళీ ఈ సభలకు రాలేకపోయిన సభ్యులు మనలో ఉన్నారు. ఏమయిందంటే "కాలు జారింది" అంటాం. ఎందుకు జారిందని అడగం. నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరైనవాడిని. చదివి తెలుసుకున్నది మన భాషలో చెబుతాను.

కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని, చూపుడు వేలితో ముక్కు కొన తాకండి. తాకారు కదా! చూడకుండానే వేలు ఎక్కడుందో ఎవరు చెప్పారు? పంచేంద్రియాల లెక్కలోకి రాని ఒక జ్ఞానం చెప్పింది. మెదడును హెడ్డాఫీసు అనుకుంటే, మనల్ని నిలబెట్టడానికి దానికి మూడు శాఖల నుంచి తపాలా వస్తుంది.

మొదటి శాఖ చర్మం, కండరాలు, కీళ్ళు. అరికాలి చర్మంలోని గ్రాహకాలలో కొన్ని ఒత్తిడిని, కొన్ని కంపనాన్ని, కొన్ని చర్మం సాగడాన్ని పసిగడతాయి. కండరాల లోపల కదురు ఆకారంలో ఉండే గ్రాహకాలు కండరం ఎంత సాగిందో కొలుస్తాయి. స్పర్శకూ, అవయవాల స్థితికీ కూడా అవసరమైన పీజో2 అనే ప్రోటీనును 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందం గుర్తించింది. ఆయనకు 2021లో, డేవిడ్ జూలియస్‌తో కలిపి, నోబెల్ బహుమతి లభించింది.

రెండవ శాఖ లోపలి చెవి. ఒక్కొక్క చెవిలో ద్రవం నిండిన అర్ధవృత్తాకారపు గొట్టాలు మూడు ఉంటాయి. అవి తల తిరుగుడును కనిపెడతాయి. పక్కనున్న రెండు సంచులలోని కాల్షియం కార్బనేటు కణికలు తల ఎటు వంగిందో చెబుతాయి. ఆ కణికలు ఊడి గొట్టాల్లోకి పోతే, పక్క మీద ఒత్తిగిలగానే గది గిర్రున తిరుగుతుంది. దీన్ని చాలామంది బి.పి. అనుకుంటారు. డాక్టరు తలను ఒక వరుసలో తిప్పి, చాలామందికి నయం చేయగలరు.

మూడవ శాఖ కళ్ళు.

ఒక శాఖ సెలవు పెడితే మిగతావి పని సర్దుతాయి. అందుకే లోపం బయటపడదు. 19వ శతాబ్దంలో రోంబెర్గ్ అనే జర్మన్ వైద్యుడు, కొందరు రోగులు కళ్ళు మూసుకుని నిలబడగానే తూలిపోవడం గమనించాడు. పాదాల కబురు అందనివారిని అప్పటిదాకా నిలబెట్టింది చూపే. మన స్నానం సంగతి చూడండి. తడి నేల, ముఖాన సబ్బు, మూసిన కళ్ళు. పాదాలు ముందే మొద్దుబారి ఉంటే, భారమంతా చెవి మీదే పడుతుంది.

పాదాలు మొద్దుబారడానికి ముఖ్య కారణం మధుమేహం. బి12 విటమిను లోపం మరొకటి. శాకాహారులకు, మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వేసుకునేవారికి ఇది రావచ్చు. తొలిదశలో పట్టుకుంటే చాలావరకు సరిచేయవచ్చు. చెప్పు ఊడినా తెలియకపోయినా, దూది మీద నడిచినట్టున్నా, చీకట్లో తూలినా డాక్టరుకు చెప్పండి. శ్రుతిదండం మోగించి బొటనవేలికి ఆనిస్తే కంపనం తెలుస్తోందో లేదో నిమిషంలో తేలుతుంది. "వయసు మీద పడింది" అని ఫైలు మూసేయకండి.

ఈలోగా కూర్చుని స్నానం చేయండి. గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి. రాత్రి చిన్న దీపం ఉంచండి. లేవగానే నడవక, మంచం అంచున కాసేపు కూర్చోండి. చేతికర్ర పట్టడం నామోషీ కాదు. అది నేల కబురును చేతికి అందించే నాలుగవ శాఖ.

చివరిగా కార్యవర్గానికి ఒక విన్నపం. మనం జరిపే వైద్య శిబిరంలో బి.పి., షుగరుతో పాటు పాదాల స్పర్శ పరీక్ష కూడా చేర్చాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. సభ్యులు ఆమోదిస్తే ఈ రోజే తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను.