కనిపెట్టుకొని ఉండటం

శాలువాలూ దండలూ అయిపోయాయి. ఇక నన్ను పిల్లలతో మాట్లాడనివ్వండి.

బిడ్డలారా, నేను ఈ పెద్దేముల్ పిల్లనే. మా అమ్మ కంది చేన్లలో కూలికి పోయేది. మా నాన్న తాండూరు దగ్గర నాపరాయి గనిలో బండలు తీసేవాడు. 1981లో నర్సు శిక్షణలో చేరాను. ఆ తర్వాత ముప్పై ఆరేళ్లు సర్కారు దవాఖానల్లో పనిచేశాను. అందులో సగానికి పైగా క్షయ వార్డుల్లోనే గడిచింది. రోజువారీ బతుకులో ఆశ, శాంతి ఎట్లా దొరుకుతాయో నర్సింగ్ పట్టా అందుకునే పిల్లలకు చెప్పమని నన్ను పిలిచారు. నాకు తెలిసిన దారి యేసు ప్రభువు దారి. మీలో గుడికి వెళ్లేవాళ్లున్నారు, మసీదుకు వెళ్లేవాళ్లున్నారు. మిమ్మల్ని ఎటూ లాగడానికి రాలేదు. నేను తాగిన బావి నీళ్ల రుచి చెప్పి పోతాను.

మా చర్చిలో ఆశ అనే మాట తక్కువ వినిపిస్తుంది. నిరీక్షణ అంటాం. బయట ఆ మాటకు ఎదురుచూపు అని అర్థం. శాంతి అనే చోట సమాధానం అంటాం. బయట ఆ మాటకు జవాబు అని అర్థం. చిన్నప్పుడు నాకు ఇది తికమకగా ఉండేది. ఆరాధన చివర పాస్టర్ గారు చేతులెత్తి అందరికీ సమాధానం కలగాలని దీవిస్తుంటే, ఎవరూ ఏమీ అడగకముందే జవాబు ఎట్లా చెప్తున్నాడని మా అమ్మను అడిగాను. "నోరు మూసుకొని కండ్లు మూసుకో" అంది. ఈ రెండు మాటల అర్థం నాకు బడిలోనూ చర్చిలోనూ తెలియలేదు. ఒకటి మా ఇంట్లో తెలిసింది, ఇంకొకటి వార్డులో.

నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్నకు క్షయ వచ్చింది. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్ట మీది శానిటోరియంలో చేర్చారు. మీ పాఠ్యపుస్తకంలో శానిటోరియం అనే మాట ఒక్క పేరాలో అయిపోతుంది కాబట్టి చెప్తున్నాను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కునేదాకా క్షయకు పనిచేసే మందు లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. అందుకే చెట్లున్న గుట్టల మీద అట్లాంటి దవాఖానలు కట్టారు. నాన్న జబ్బుపడే నాటికి మందులున్నాయి. రోగి ఇంట్లోనే ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా బాగవుతాడని 1959లో మద్రాసు పరిశోధకులే ప్రపంచానికి చూపించారు. కానీ మాది ఒక్క గది ఇల్లు. అందులోనే పొయ్యి, అందులోనే ముగ్గురు పిల్లలం. డాక్టరు నాన్నను గుట్టకే పంపాడు.

అప్పట్లో మందులు ఆర్నెల్లతో అయిపోయేవి కావు. ఏడాది, ఏడాదిన్నర వాడాలి. నెలల తరబడి సూదులు. అమ్మ వారానికి ఒక్క పూట కూలి మాని, తాండూరులో ప్యాసింజరు బండి ఎక్కి, వికారాబాద్‌లో దిగి, గుట్ట మీదికి నడిచేది. తిరిగొచ్చిన రోజు మేం ముగ్గురం ఆమె ముఖం చూసేవాళ్లం. బాగైందా అని అడిగితే "అయితుంది" అనేది. అయింది అని ఎన్నడూ అనలేదు, కాదు అనీ అనలేదు.

మన కంది సంగతి మీకు తెలుసు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి గర్వపడ్డాం. పెసరలాగా రెండు నెలల్లో చేతికొచ్చే పంట కాదది. మృగశిరలో విత్తితే సంక్రాంతి దాకా చేన్లోనే ఉంటుంది. ఆ మధ్యలో ఎండు తెగులు రావచ్చు, పూత మీద మబ్బు పట్టవచ్చు, పురుగు పడవచ్చు. మార్కు సువార్తలో ప్రభువు చెప్పిన ఒక చిన్న ఉపమానం ఉంది. ఒక మనిషి విత్తనం చల్లి, రాత్రి పడుకుంటూ పగలు లేస్తూ ఉంటాడు. అది ఎట్లా మొలిచిందో, ఎట్లా పెరిగిందో అతనికి తెలియదు. అమ్మకు చదువు రాదు, కానీ ఈ కథంటే ప్రాణం. "సూడు బిడ్డా, ఆ రైతు పండుకున్నడని గూడ రాసిన్రు" అనేది. అందులో రైతు పడుకున్నాడని రాసి ఉండటం ఆమెకు పెద్ద ఊరట.

అమ్మ రాత్రి ప్రార్థన ఒక లెక్క అప్పజెప్పినట్టు ఉండేది. ఇవాళ దొరికిన కూలి, దొరకని కూలి, షావుకారు అప్పు, నాన్న దగ్గు, చెల్లె జ్వరం, అన్నీ పేరుపేరునా దేవుడికి చెప్పేది. ఆమెన్ అని చాప పరిచేది. ఐదు నిమిషాల్లో గురక. అంత అప్పు నెత్తిన పెట్టుకొని ఈమెకు నిద్ర ఎట్లా పడుతుందని నాకు కోపం వచ్చేది. నిరీక్షణ అనే మాటకు అర్థం అదేనని తెలుసుకునేసరికి నాకు ముప్పై ఏళ్లు దాటాయి. చేయగలిగింది చేసి, మిగిలింది అప్పజెప్పి, పొద్దున మళ్లీ లేవడం. నాన్న పద్నాలుగు నెలలకు గుట్ట దిగాడు. మళ్లీ గని ముఖం చూడలేదు. మేకలు కాశాడు. నా పెళ్లి చూశాడు.

రెండో మాట సంగతి చెప్తాను. అది నా ఉద్యోగంలో మొదటి నైట్ డ్యూటీ. వార్డులో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయాసంతో పడుకోలేక మంచం మీద ముందుకు వంగి కూర్చునేవాడు. పది గంటలకు "సిస్టరమ్మా, టైమెంత?" అన్నాడు. చెప్పాను. పదింపావుకు మళ్లీ అడిగాడు. పదిన్నరకు మళ్లీ. పదకొండుకు నేను విసుక్కున్నాను. నిజం చెప్తున్నాను, ఆయన మీద గట్టిగా అరిచాను. ఆయన తల దించుకున్నాడు. వార్డు ఆయమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆయనకు టైమ్‌తోని ఏం పని సిస్టర్? ఎవలన్న మేల్కొని ఉన్నరా అని సూసుకుంటున్నడు" అంది.

ఆ తర్వాత ఆయన అడగకముందే నేనే వెళ్లి చెప్పడం మొదలుపెట్టాను. పన్నెండయింది పెద్దాయనా. ఒంటిగంట అయింది. రెండయింది. మూడింటికి వెళ్లేసరికి దిండు మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. ఆయన రోగానికి ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. డాక్టరు దగ్గరా లేదు. కానీ ఆయనకు సమాధానం దొరికింది. చిన్నప్పుడు అమ్మను అడిగిన ప్రశ్న నాకు ఆ మూడు గంటల వేళ గుర్తొచ్చింది.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. నిన్న రాత్రి మీ హాస్టల్లోనే ఉన్నాను. పన్నెండున్నరకు నీళ్లు తాగడానికి లేచి వరండాలోకి వస్తే ప్రతి కిటికీలోనూ నీలం వెలుగు. ఏం చేస్తున్నారమ్మా మీరంతా? స్టాఫ్ నర్సు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చూస్తున్నారు. జర్మన్ క్లాసుల ఫీజు ఎంతో వెతుకుతున్నారు. తోటి పిల్లకు ఏ కార్పొరేట్ దవాఖానలో ఎంత జీతం ఇచ్చారో లెక్క వేసుకుంటున్నారు. రాత్రి ఒంటిగంటకు నా ఫోనుకు ఒక బైబిల్ వాక్యం పంపిన అమ్మాయి ఈ హాల్లోనే ఉంది. భయపడవద్దనే వాక్యమే అది. పంపిన పిల్ల భయంతో మేల్కొని ఉంది. ఆ వాక్యం నాకెందుకు తల్లీ, దాన్ని తల కింద పెట్టుకొని నువ్వు పడుకోవచ్చు కదా!

మీ చదువు మీద నాకు దిగుల్లేదు. మీ నిద్ర మీదే నా దిగులు. ఎవరు ఏమనుకున్నా ఇదొక్కటి సాగదీసి చెప్తాను. మీరు రేపటిని ఈ రాత్రికే లాక్కొచ్చి పక్కలో పడుకోబెట్టుకుంటున్నారు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నా కురిపించినప్పుడు, రేపటికని దాచిపెట్టుకున్నది పురుగు పట్టి కంపు కొట్టింది. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనూ ఏ రోజు ఆహారం ఆ రోజుకే అడగమన్నాడు. మా క్షయ మందులూ అంతే. ఒక్క రోజు గుప్పెడు మాత్రలు మింగితే జబ్బు తొందరగా పోదు, లివరు పోతుంది. తుఫానులో శిష్యులు పడవలో గగ్గోలు పెడుతుంటే ప్రభువు వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. ఆయన నీటి మీద నడిచిన సంగతి అందరూ చెప్తారు. ఆ తలగడ సంగతి మీరు గుర్తు పెట్టుకోండి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన నర్సు పగలు పడుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఇన్సులిన్ యూనిట్లు తప్పు చదువుతుంది. ఒక పడకకు వేయాల్సిన సూది పక్క పడకకు వేస్తుంది. మీ నిద్రలో ఇంకొకరి ప్రాణం ఉంది.

నిరీక్షణ లేని తొందర విశ్వాసం పేరుతో కూడా వస్తుంది. అది చెప్పకుండా కూర్చుంటే నేను ఉప్పు తిన్న పనికి ద్రోహం చేసినట్టే. ఒక పిల్లవాడు, ఇరవై రెండేళ్లుంటాయి, బండల పాలిషింగ్ పని చేసేవాడు. నెల రోజులు మందులు వాడాక దగ్గు తగ్గింది, ఆకలి వేసింది, బరువు పెరిగాడు. ఏదో కూడికలో ఎవరో అతనికి చెప్పారట, బాగయ్యావు, ఇంకా మాత్రలు మింగితే దేవుణ్ని నమ్మనట్టే అని. మానేశాడు. ఎనిమిది నెలలకు తిరిగొచ్చాడు. అప్పటికి మామూలు మందులకు లొంగని క్షయ అయింది. సగంలో ఆపితే ఏమవుతుందో మీరు చదివారు. బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి. నేను ఆ పిల్లవాడి కళ్లు మూశాను. ఆ రాత్రి నాకు ప్రార్థన రాలేదు. ఊరికే కూర్చున్నాను.

మా ఊళ్ల వైపు ఒక పాస్టర్ గారున్నారు. ఈ సంగతి విన్నాక ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. తన సంఘంలో క్షయ మందులు వాడేవాళ్ల ఇంటికి పొద్దున్నే వెళ్తారు. ముందు మాత్ర మింగమంటారు, తర్వాత ప్రార్థన చేస్తారు. ఆ వరస ఎన్నడూ మార్చరు. అపొస్తలుడైన పౌలు తన పత్రికలో లూకాను వైద్యుడనే పేర్కొన్నాడు. ఆ లూకా తన వృత్తి మానుకోవాలని ఆయన ఎక్కడా రాయలేదు. మీరు ఏ ఊళ్లో పనిచేసినా ఇట్లాంటి అయ్యగార్లను, పూజార్లను, మౌల్వీలను వెతికి పట్టుకోండి. వాళ్లు చెప్తే జనం మాత్ర మింగుతారు.

మంచి సమరయుని కథ మీ అందరికీ తెలుసు. దాన్ని ఒకసారి నర్సు కళ్లతో చదవండి. దొంగల దెబ్బలు తిన్నవాడికి అతను నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. తన గాడిద మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. డబ్బులు మాత్రం మరునాడు ఇచ్చాడని ఉంది. మరి మధ్యలో ఆ రాత్రి? రాత్రంతా అతను ఆ గాయపడ్డవాడి పక్కనే ఉన్నాడు. పోతూ పోతూ, మళ్లీ వచ్చినప్పుడు మిగతా ఖర్చు ఇస్తానన్నాడు. నైట్ డ్యూటీ చేశాడు, ఫాలోఅప్‌కు మాట ఇచ్చాడు.

అట్లా రోగి పక్కన నిలబడ్డవాళ్లు మన తెలంగాణలోనూ ఉన్నారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలైంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ అక్కడ పనిచేసింది. దానికి పెద్ద మొత్తం ఇచ్చిన దాత రాజా నర్సాగౌడ్ హిందువు. ఆ రోజుల్లో కుష్ఠుకు చాల్‌మొగ్రా జాతి నూనెల సూదులే ఆధారం. వారం వారం వేయాలి, నొప్పి ఎక్కువ, గుణం కనబడటానికి నెలలు పడుతుంది. ఊళ్లు వెళ్లగొట్టిన మనుషులు ఆ సూది కోసం వారం వారం వరసలో నిలబడ్డారు. ఎవరో వాళ్ల చెయ్యి ముట్టుకొని సూది వేస్తున్నారు కాబట్టి నిలబడ్డారని నా నమ్మకం.

మా బైబిల్లో ఇంకొక మాట ఉంది, కనిపెట్టడం. దేవుని కోసం కనిపెట్టుకొని ఉండటం అంటే ఆయన కోసం వేచి ఉండటం. కీర్తనల్లో ఒక భక్తుడు తెల్లవారడం కోసం కాచుకునే కావలివాళ్ల కంటే ఎక్కువగా ప్రభువు కోసం కనిపెడుతున్నానంటాడు. మన ఇళ్లలో జబ్బు మనిషిని కనిపెట్టుకొని ఉండమంటే దగ్గరుండి చూసుకోమని అర్థం. నాకు ఈ రెండూ వేర్వేరు పనులుగా ఏనాడూ అనిపించలేదు. వార్డులో గంట గంటకూ టైమ్ చెప్తూ తిరిగిన ఆ రాత్రి నేను ఎవరిని కనిపెడుతున్నానో నాకు బాగా తెలుసు.

రేపు మీలో కొందరు హైదరాబాద్‌కు, కొందరు గల్ఫ్‌కు, కొందరు ఇక్కడి సబ్ సెంటర్లకే వెళ్తారు. ఎక్కడికి వెళ్లినా మొదటి జీతంతో అమ్మకు చీర కొనండి, మీకొక మంచి దిండు కొనుక్కోండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను.

నవంబరులో మా క్రైస్తవుల ధారూర్ జాతరకు ఎప్పటిలాగే వెళ్తాను. చిన్నప్పుడు మా అమ్మ మమ్మల్ని ఎడ్లబండిలో తీసుకెళ్లేది. చెట్ల కింద గుడారం వేసి, మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండేది. చలికి గొంగడి కప్పుకొని, పాటలు వింటూ వింటూ నిద్రపోయేవాళ్లం. అమ్మ లేదు, గొంగడి ఉంది. మా గుడారంలో నలుగురైదుగురికి చోటుంటుంది. ఆ వారం నైట్ డ్యూటీ లేనివాళ్లు రండి. ఫోన్లు ఇంట్లో పెట్టి రండి.