టెక్సాస్ రాష్ట్రమున హిస్పానిక్ ప్రజలు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణపు టందు టెక్సాస్ అను పెద్ద రాష్ట్రము కలదు. మన జిల్లాలవలె దానికి కౌంటీలను భాగములు 254 గలవు. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచటి ప్రజలు 2 కోట్ల 91 లక్షలు. వారిలో నూటికి 39 మంది హిస్పానిక్ లేక లాటినో అనబడువారు. అనగా మెక్సికో మొదలగు స్పానిష్ సంప్రదాయము గల దేశములతో తమ వంశమునకు సంబంధము గలదని తామే చెప్పుకొనువారు. ఇది వర్ణమును దెలుపు పేరు గాదు; దానిని 2020లో లెక్కలవారు వేరు ప్రశ్నగా నడిగిరి.

నూటికి 39 అని వినినంతనే ప్రతి కౌంటీలోను అంతే యుందురని తలపరాదు. చెరువు సగటున మోకాలిలోతని చెప్పినంతమాత్రమున తూముకడ దిగినవాడు మునుగకపోడు గదా! మెక్సికో సరిహద్దైన రియో గ్రాండే నది యొడ్డున స్టార్, వెబ్ కౌంటీలలో నూటికి 95 మందికి తక్కువ కాకుండ వీరే. తూర్పున పైన్ అడవుల సీమలో నూటికి పదిమందియు లేని కౌంటీలు గలవు.

అయితే పాలు వేరు, సంఖ్య వేరు. స్టార్ కౌంటీ జనులందరును గలిసి 66 వేలు. హ్యూస్టన్ నగరము గల హారిస్ కౌంటీలో వీరి పాలు నూటికి 43 మాత్రమే. కాని తలలు లెక్కింప 20 లక్షలకు మించుదురు.

దీనికి కారణము చరిత్రలో నున్నది. వెబ్ కౌంటీలోని లారెడో పట్టణమును స్పెయిన్ వారి పాలనలో 1755లో స్థాపించిరి. అప్పటికి అమెరికా సంయుక్త రాష్ట్రములే లేవు. 1836లో టెక్సాస్ మెక్సికోనుండి విడిపోయి, 1845లో అమెరికాలో జేరెను. పిమ్మట యుద్ధము జరిగి, 1848 సంధిచే నదియే ఎల్లయయ్యెను. లారెడోవారు ఇల్లు కదలలేదు, ఎల్లయే కదలినది. ఇది మన మెరుగని సంగతి గాదు. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారి మైసూరులో జేరెను. అచటి తెలుగువారు బండి కట్టలేదు గదా! హ్యూస్టన్ వారిలో ననేకుల కథ వేరు. రేవుపనులకు, నూనె పరిశ్రమకు, ఇండ్లకట్టుబడికి వారు తరువాత వచ్చిరి. కావున నదీతీరవాసిని జూచి "ఎప్పుడు వచ్చితివి?" అని యడుగుట అవివేకము.

ఇక ముఖ్యమైన మాట. 2020 లెక్కలను అచటి ప్రభుత్వమువారే పిదప సరిచూడగా, దేశమున హిస్పానిక్ ప్రజలలో నూటికి దాదాపు అయిదుగురు లెక్కకు రాలేదని తేలెను. శాసనసభ స్థానములు, రహదారులకు బడులకు వచ్చు ధనము ఈ లెక్కనుబట్టియే పంచబడును. నేను చిరకాలము హాజరుపట్టీ వ్రాసినవాడను. పట్టీలో పేరు లేని బాలుని బల్లమీద కూర్చుండబెట్టవచ్చును గాని, వానికి పుస్తకము తెప్పించుట కష్టము.

గ్రామపెద్దలారా! మన యూరికి లెక్కలవారు వచ్చినపుడు, ఊరిచివర గుడిసె వేసికొనిన కూలివారిని గూడ వ్రాయింపుడు. ఎన్నడు వచ్చినవారైనను, ఉన్నవారు ఉన్నవారే.