పద్యానికి చెక్‌సమ్ ఉంది, గద్యానికి లేదు

టాపిక్ వినగానే తెలుగు పీరియడ్ గుర్తొచ్చి స్కిప్ కొట్టకండి. గద్యం అంటే ఏంటి, పద్యానికీ దానికీ తేడా ఏంటి?

స్కూల్లో మనకి చెప్పింది సింపుల్. ఛందస్సు ఉంటే పద్యం, లేకపోతే గద్యం. కరెక్టే. కానీ ఆ ఛందస్సు ఎందుకో నాకు బీటెక్‌లో నెట్‌వర్క్స్ చదివాకే వెలిగింది.

ఉత్పలమాల తీసుకోండి. నాలుగు పాదాలు. ఒక్కో పాదంలో భ-ర-న-భ-భ-ర-వ గణాలు, మొత్తం 20 అక్షరాలు. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ యతి కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి, అది ప్రాస. ఇప్పుడు మీరు ఒక పదం మర్చిపోయి ఇంకోటి పెట్టారనుకోండి, చాలాసార్లు ఎక్కడో లెక్క తప్పుతుంది, చెవికే తెలిసిపోతుంది. డేటా పంపేటప్పుడు చెక్‌సమ్ పెడతాం చూడండి, దాదాపు అదే. అచ్చుయంత్రం లేని రోజుల్లో పద్యాలు నోటి నుంచి నోటికి నిలబడ్డానికి ఇదొక కారణం. పాఠభేదాలు లేవని కాదు, చాలానే ఉన్నాయి లెండి.

గద్యానికి ఆ కాపలా లేదు. అలాగని తక్కువేం కాదు, నన్నయ భారతంలోనే పద్యాల మధ్య వచనం ఉంది. ఈజీ అనీ కాదు. 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక గద్యమే, రెండు పేజీలు చదవండి. నాకైతే నిఘంటువు కావాల్సొచ్చింది.

మరి వచన కవిత? గణాలుండవు, కానీ ఊపు ఉంటుంది. మధ్యమధ్యలో ఎంటర్ కొడితే కవిత అయిపోదు. లైన్లన్నీ కలిపి పేరాగ్రాఫ్‌గా రాసి చూడండి. ఏమీ పోలేదంటే అది మొదట్నుంచీ గద్యమే. నా కాలేజ్ కవితలన్నీ ఈ టెస్ట్‌లో ఫెయిల్.

మా తాతయ్యకి చివరి రెండేళ్లు మతిమరుపు. నన్ను మా మామయ్య పేరుతో పిలిచేవారు. కానీ భాగవతం పద్యానికి మొదటి మాట అందిస్తే చాలు, నాలుగు పాదాలూ తప్పు లేకుండా చెప్పేసేవారు. ఇంకోటి కూడా చెప్పేవారు, తొలి ఉద్యోగంలో చేరడానికి రాత్రంతా నడిచి టౌన్‌కి వెళ్లిన కథ. మామూలు మాటల్లోనే. పెద్దకర్మ రోజు ఇద్దరు మామయ్యలూ ఆ కథ ఎత్తుకున్నారు. ఒకరి వెర్షన్‌లో వాగు దగ్గర లాంతరు పట్టుకుని ఒకాయన తోడొచ్చాడు. ఇంకొకరి వెర్షన్‌లో ఎవరూ రాలేదు, ఒకటే వాన. నేను మూడోది చెప్పబోయి ఆగిపోయా. సరిచూసుకోడానికి యతీ లేదు, ప్రాసా లేదు, రికార్డింగూ లేదు. అప్పటికి నా చేతిలో ఉన్నది మూడో స్మార్ట్‌ఫోన్!

మొన్న అమ్మమ్మ దగ్గర కూర్చుని ఆవిడ వెర్షన్ రికార్డ్ చేశా. 11 నిమిషాలు. అందులో వానా లేదు, లాంతరూ లేదు. తాతయ్య వెళ్లింది సైకిల్ మీదట. ఎవరి సైకిల్ అమ్మమ్మా అంటే, "నీకెందుకురా అదంతా" అని నవ్వింది.

సరే, ఉంటా మరి.