లక్ష్యానికి ఒక అంకె ఉండాలి



మనలో స్వయం ఉపాధిపై బతికేవారే అధికమనీ, బ్యాంకు రుణాల్లో మన వాటా మాత్రం స్వల్పమనీ సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఆ వాటా అడగడం మన హక్కు. కానీ మసీదు వరండాలో ముద్ర దరఖాస్తులు నింపేటప్పుడు ‘వ్యాపారాభివృద్ధి కొరకు’ అని మాత్రమే రాసి పంపిన తప్పు మాది. ఎన్ని తిరిగివచ్చాయో!

కుట్టుపని చేసే ఒక సోదరి వచ్చినప్పుడు మాత్రం ముందు లెక్క వేశాం. నెలకు 6,000 రూపాయలు మిగలాలన్నారామె. 25 పనిదినాలకు పంచితే రోజుకు 240. దారం, లైనింగు, కరెంటు పోను జాకెట్టుకు 80 మిగిలితే రోజుకు మూడు కుట్టాలి. మరి మూడు వస్తాయా? ఆమె ఇల్లిల్లూ తిరిగి అడిగి వచ్చారు. పెళ్లిళ్ల రోజుల్లో తప్ప రెండే! అందుచేత మొదటి ఆరు నెలలకు నెలకు 4,000 అని రాసుకున్నారు. 50,000 అడగదలచినవారు 20,000తో సరిపెట్టుకున్నారు.

మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. కాదంటే కారణం రాసివ్వమని అడిగే ధైర్యం ఆనాడు మాకూ కలిగింది. అడగవలసిన అవసరం రాలేదు. ఆ సోదరి ఇప్పుడు రంజాన్ నెల లెక్క విడిగా వేసుకుంటున్నారు.