‘వద్దు’ అనడానికీ సాధన కావాలి

(కర్నూలు పాతపట్టణంలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇషా నమాజు ముగించుకొని ఇళ్ళకు వెళ్ళవలసిన వేళ మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టాము. మన్నించండి. మేము ఆలిములము కాము, వైద్యులమూ కాము. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా పని చేసి, పదవీ విరమణ తరువాత మొహల్లా వ్యవహారాలు చూస్తున్న వాళ్ళము. విన్నది విన్నట్లు రాసిపెట్టుకోవడం గుమాస్తాకు అబ్బే అలవాటు. గత మూడేళ్ళుగా మా వద్దకు వచ్చిన పిల్లలు, వారి తల్లులు చెప్పిన మాటలను, పేర్లు లేకుండా, ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాము. ఈ రాత్రి చెప్పేది అందులోని సంగతులే.

మత్తు హరాం అని చెప్పడానికి మిమ్మల్ని పిలవలేదు. ఆ సంగతి మక్తబ్‌లో చదివిన ప్రతి బిడ్డకూ తెలుసు. హంద్రీ ఒడ్డున చీకట్లో కూర్చొని గంజాయి పీల్చే కుర్రవాడికీ తెలుసు. మమ్మల్ని కలవరపెట్టినది అదే. తెలిసినవాడు ఎందుకు తీసుకున్నాడు?

మొదట్లో మేమూ అందరిలాగే ఊహించుకున్నాము. ఎవడో దుర్మార్గుడు కాలేజీ గేటు దగ్గర నిలబడి మన పిల్లలకు అలవాటు చేస్తున్నాడని, వాడిని పట్టిస్తే పని అయిపోతుందని. కాని మాతో మనసు విప్పి మాట్లాడిన పిల్లలలో ఒక్కడు కూడా కొత్తవాడి చేతినుంచి తీసుకున్నానని చెప్పలేదు. ఒకనికి ఇచ్చినవాడు మేనమామ కొడుకు. ఒకనికి క్రికెట్ జట్టులోని స్నేహితుడు. మరొకనికి షెడ్డులో పని నేర్పిన ‘భాయ్’. మొదటిసారి ఎవరూ డబ్బు అడగలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. ఇంటర్ చదివే ఒక పిల్లవాడు చెప్పిన మాటను ఉన్నది ఉన్నట్లు చదువుతాము: “ఎవరూ ఏమీ అనలేదు చాచా. నలుగురం కూర్చున్నాము. ముగ్గురు పీల్చారు. నా వంతు వచ్చింది.”

నా వంతు వచ్చింది! పెళ్ళి దస్తర్‌ఖాన్ మీద పళ్ళెం మన ముందుకు వచ్చినప్పుడు ఆకలి లేకపోయినా చేయి చాపుతాము కదా, అటువంటిదే ఇది. వద్దంటే నవ్వుతారు, ‘అమ్మీకి చెప్తావా’ అంటారు, రేపటినుంచి ఆటకు పిలవరు. యాభై ఏళ్ళ మనకు ఇది చిన్న విషయం. పదిహేనేళ్ళ వాడికి ఆ ముగ్గురే లోకం. ముందుచూపును, నిగ్రహాన్ని నడిపే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా ఎదుగుతూనే ఉంటుందని వైద్యులు చెబుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగా నడిచే పిల్లవాడు గుంపులో వేరొకడైపోవడం మన కళ్ళెదుట జరిగేదే. మోటారు సైకిల్ మీద ముగ్గురు ఎక్కినప్పుడు చూడండి.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పై మాట చెప్పిన పిల్లవాని సంగతి మాకు మొదట తెలిసినప్పుడు కమిటీ పెద్దలము నలుగురము కలిసి అతని ఇంటికి వెళ్ళాము. వాకిట్లోనే నిలబెట్టి మందలించాము. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. తండ్రి అవమానం భరించలేక మా ముందే బెల్టు తీశాడు. మేము అడ్డుపడలేదు. మరుసటి జుమా నాడు పేరు చెప్పకుండా ప్రస్తావన కూడా చేయించాము. పేరు చెప్పకపోయినా అందరూ ఎవరివైపు తిరిగి చూశారో చెప్పనక్కరలేదు. ఆ పిల్లవాడు మస్జిద్‌కు రావడం మానేశాడు. కాలేజీ మానేశాడు. అతనితో ఇంకా మాట్లాడేవారు హంద్రీ ఒడ్డున కూర్చునే ఆ ముగ్గురే మిగిలారు. వారినుంచి విడదీయాలని వెళ్ళిన మేమే అతన్ని వారికి పూర్తిగా అప్పగించి వచ్చాము.

ఏడాదిన్నర తరువాత అతని తల్లి ఒక్కతే మా ఇంటికి వచ్చింది. ఈసారి ఎవరికీ చెప్పకుండా పెద్దాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్ళాము. చికిత్స మధ్యలో రెండుసార్లు మళ్ళీ జారిపోయాడు. తల్లి విసుగు చెందలేదు. ఇప్పుడు పని చేసుకుంటున్నాడు. దారిలో కనిపిస్తే మాకు సలాం చెబుతాడు, ఆగి మాట్లాడడు.

కాబట్టి తల్లులకు మా మనవి. మీరే ముందు గమనిస్తారు. జుమా కాని రోజుల్లో కూడా బట్టలకు దట్టంగా అత్తరు, పుస్తకాల సంచీలో కంటి చుక్కల సీసా, వేళగాని వేళ విపరీతమైన ఆకలి, డబ్బాలో తరిగిపోయే చిల్లర. ఇవన్నీ ఉన్నంత మాత్రాన తప్పు చేశాడని కాదు. కంటికి నిజంగానే జబ్బు ఉండవచ్చు. అడగండి. అయితే వాళ్ళ అబ్బా వచ్చేవరకు దాచి, ఆ తరువాత ఒకేసారి పేల్చకండి. రమజాన్ రాత్రుల మాట కూడా చెప్పాలి. తరావీహ్‌కని వెళ్ళిన కుర్రవాడు సహ్రీకి ఇల్లు చేరితే మనలో ఎవరమూ ఎక్కడున్నావని అడగము. ఏడాది పొడుగునా అడిగి ఆ నెల మాత్రం మానేస్తాము!

చదువు మాని పనికి వెళ్ళే పిల్లల సంగతి వేరు. వారిని గురించి సభల్లో ఎవరూ మాట్లాడరు. పంక్చర్ షాపులో పన్నెండేళ్ళ వాడి చేతిలో రోజంతా సొల్యూషన్ ట్యూబు ఉంటుంది. గుడ్డలో పిండి పీలిస్తే ఆకలి తెలియదని పెద్ద కుర్రవాడు నేర్పుతాడు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు జరిపి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో ఇలా పీల్చే పదార్థాల వాడకం పెద్దల్లో 0.58 శాతం ఉండగా, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం ఉన్నట్లు తేలింది. వారు పరిశీలించిన మత్తుపదార్థాలలో పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించినది ఇదొక్కటే. దీనికి గంజాయిలా కేసులు లేవు కనుక వార్త కూడా లేదు. మన మొహల్లాలో షాపులు నడిపే సోదరులు ఈ సభలోనే ఉన్నారు. ఆ ట్యూబు మీ బల్ల సొరుగులో ఉంచుకోండి. అంతకంటే ముందు, ఆ పిల్లవాడిని బడికి పంపండి.

చట్టం గురించి భయం ఉన్నది, అందులో న్యాయమూ ఉన్నది. మన పిల్లవాడు దొరికితే మొహల్లా మొత్తానికి పేరు అంటగడతారన్న భయంతోనే చాలామంది చికిత్సకు కూడా తీసుకువెళ్ళరు. కాని 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉన్నది. అలవాటు పడినవాడు వాడకం కేసులో గాని, స్వల్ప పరిమాణం కేసులో గాని చిక్కుకున్నప్పటికీ, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు గల చోట చికిత్సకు సిద్ధపడితే విచారణనుంచి రక్షణ లభిస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయి విషయంలో స్వల్ప పరిమాణం అంటే 1 కిలో వరకు. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాని శిక్ష, బెయిలు దొరకడం బహు కష్టం. కనుక ‘ఈ బ్యాగు ఆదోనిలో ఇచ్చిరా, రెండు వేలు ఇస్తాము’ అనే స్నేహితుని గురించి పిల్లలకు విడిగా చెప్పాలి. బ్యాగులో ఏమున్నదో తెలియదన్న సంగతిని రుజువు చేసుకునే భారం మోసినవాడి మీదనే పడుతుంది.

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడిని లాకప్‌లో ఉంచరాదు. ఇరవై నాలుగు గంటల్లో బాలల న్యాయమండలి ముందు హాజరుపరచాలి. అతని పేరు, ఫోటో పత్రికలో వేయరాదు. ఇది 2015 నాటి బాలల న్యాయచట్టం. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవారికి అదే చట్టం ఏడేళ్ళ వరకు శిక్ష విధిస్తుంది. ఈ హక్కులను అడగాలి. అమ్మేవారిని కాపాడడానికి మాత్రం ‘మనవాడు’ అన్న మాట వాడరాదు. అమ్మేవాడి సమాచారం ఇవ్వడానికి మన రాష్ట్రంలో 1972, మానడానికి సలహా కోసం 14446 అనే ఫోను నెంబర్లు ఉన్నాయి.

మరి ఆ నలుగురి మధ్య వంతు వచ్చినప్పుడు పిల్లవాడు ఏమనాలి? ఉపన్యాసం గుర్తుకు రాదు. రెండు మూడు మాటలు నోటికి వచ్చి ఉండాలి. గత వేసవినుంచి ఆదివారాల్లో పిల్లలను కూర్చోబెట్టి నాటకంలాగా ఆడిస్తున్నాము. ఒకడు ఇస్తాడు, మరొకడు వద్దంటాడు. మొదటిరోజు అందరూ నవ్వారు. వద్దనవలసినవాడు ఆటలో కూడా వద్దనలేకపోయాడు! కారణాలు చెప్పబోతే ఎదుటివాడు ఒక్కొక్కదాన్నీ కొట్టివేస్తాడని పిల్లలే కనిపెట్టారు. “నాకు వద్దు, వెళ్తున్నా” అని లేచి నిలబడడమే పనికివచ్చింది. కూర్చొని వద్దనడం కష్టం, నిలబడి అనడం సులువు అని ఒకడు చెప్పాడు. ఇది మాకు తట్టని సంగతి. ఇంకొకడికి మాట రాకపోతే, “మా అబ్బా రోజూ నోరు వాసన చూస్తాడు” అని చెప్పుకోమన్నాము. తండ్రులారా, మీ పేరు చెడితే చెడనివ్వండి.

ఒక ఇంట్లో మరో ఏర్పాటు చేసుకున్నారు. కొడుకు ఫోను చేసి “దాదీకి ఎలా ఉంది?” అంటే, తండ్రి గట్టిగా “వెంటనే బయలుదేరి రా” అనాలి. దాదీ నిక్షేపంగా ఉన్నది, రోజూ మాతో పోట్లాడుతుంది. పిల్లవాడు చెప్పిన చోటికి తండ్రి స్కూటర్ మీద వెళ్ళి తీసుకురావాలి. ఆ రాత్రి ఎక్కడ, ఎవరితో అని ఒక్క ప్రశ్న కూడా వేయరాదు. మరునాడు మాట్లాడుకోవచ్చు. తండ్రికి ఇది ఎంత కష్టమో ఆయనే మాకు చెప్పాడు. మొదటిసారి ఇల్లు చేరేవరకు పళ్ళు బిగపట్టుకొని బండి నడిపాడట. రెండోసారి కూడా కొడుకు ఫోను చేశాడు.

వచ్చే ఆదివారం అస్ర్ తరువాత పిల్లలను పంపండి. ఆడపిల్లలకు బడి గదిలో వేరుగా ఏర్పాటు ఉన్నది; వారికీ ఈ ఒత్తిడి ఉన్నది, చెప్పుకునే చోటే తక్కువ. ఆ రోజు మా నోటుపుస్తకం ఇంట్లోనే ఉంటుంది, ఎవరి మాటా రాయము.

ఇక లేద్దాము. తల్లులను ముందుగా వెళ్ళనివ్వండి, గల్లీ చివర దీపం వెలగడం లేదు.